ఉత్తుత్తి పట్టీల కేసు

"సాయంత్రం నాలుగింటికి పోలీసు జీపు వస్తుంది ఇబూ. ఈలోగా మీరు తీరిగ్గా టీ తాగి, పెయెక్ చెక్కలు నమిలి, ఇంటికి వెళ్ళిపోండి," అన్నాడు తిగోర్, నేను కూర్చోబోతున్న కుర్చీలో తనే కూర్చుంటూ.

తిగోర్ మందు కంపెనీవాళ్ళు జకార్తా నుంచి పంపిన మనిషి. ఒకప్పుడు మెడాన్‌లో పోలీసు ఇన్‌స్పెక్టరు. అసలు సిసలు బతాక్ జాతి వాడు. మనసులో మాట పుట్టిందంటే నోట్లోంచి బయటపడాల్సిందే, మధ్యలో ఎక్కడా ఆగదు. మేమా, యోగ్యకర్త వాళ్ళం. ఒక మాట చెప్పడానికి వెళ్ళి వర్షాల గురించీ, పిల్లల చదువుల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడి, అసలు మాట చెప్పకుండానే లేచి వచ్చేస్తాం. ఆసుపత్రి తరఫున విచారణ నాది, కంపెనీ తరఫున అతనిది. ఈ రెండు రకాల మనుషుల్నీ ఒకే కేసులో పడేసిన మహానుభావుడెవరో గానీ, వారం రోజులుగా నా రక్తం మరిగిపోతోంది.

"నాలుగింటికి ఇంకా చాలా టైముంది బాంగ్," అన్నాను. అతను నన్ను అమ్మా అన్నట్టు ఇబూ అంటాడు, నేను అన్నా అన్నట్టు బాంగ్ అంటాను. "ఆ అమ్మాయితో నేను ఒక్కదాన్నే మాట్లాడాలి. మీరు లేవండి. ఆ కుర్చీ కూడా నాకు కావాలి."

"ఏం మాట్లాడినా రక్తం అబద్ధం చెప్పదు ఇబూ."

"రక్తం అసలు మాట్లాడదు. దాని తరఫున మీరే మాట్లాడుతున్నారు."

ముఖం గంటుపెట్టుకుని బయటికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ తలుపు తెరిచే ఉంచాడు. నేను లేచి మూశాను.

కేసు సంగతి ఇది. ముఖంలో ఒక నరం ఉంటుంది. అది తిరగబడితే దవడలో కరెంటు కొట్టినట్టు నొప్పి. మనిషి నమలలేడు, ముఖం కడుక్కోలేడు, గాలి తగిలినా గిలగిల్లాడతాడు. పంటి నొప్పేమోనని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి బాగున్న పళ్ళన్నీ పీకించుకుంటాడు. నొప్పి పోదు, పళ్ళు పోతాయి. ఆ తర్వాత మెల్లగా నవ్వు పోతుంది, నిద్ర పోతుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, డిప్రెషన్‌లో కూరుకుపోతాడు. డాక్టర్ హప్సారి పళ్ళ డాక్టరుగా మొదలుపెట్టి, ఇలాంటి వాళ్ళని చూసి చూసి పరిశోధనలోకి దిగింది. చిగురుకి అతికించుకునే చిన్న పట్టీ ఒకటి తయారుచేసింది. నరం నొప్పినీ, మనసులో దిగులునీ ఒకే మందుతో తగ్గించాలని ఆవిడ పట్టుదల.

ఇరవై నాలుగుమంది రోగులు. పన్నెండుమందికి అసలు పట్టీ, పన్నెండుమందికి మందు లేని ఉత్తుత్తి పట్టీ. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఎవరికి ఏది వెళ్తోందో రోగులకీ తెలియకూడదు, డాక్టరుకీ తెలియకూడదు. తెలిసిందల్లా మందుల గదిలో ఉండే ఫార్మసిస్టు సుమినార్ ఒక్కదానికే. ప్రతి బుధవారం ఒక్కొక్కరికీ వాళ్ళ నంబరున్న పాకెట్టు, వారానికి సరిపడా, తన చేత్తో ఇస్తుంది.

మూడో నెలలో కంపెనీవాళ్ళు రోగుల రక్తం పరీక్షకి తెప్పించుకున్నారు. ఖర్చు తగ్గుతుందని ఒక్కొక్కరిదీ ఆరు వారాల రక్తం కలిపేసి ఒకేసారి చూశారు. పన్నెండుమందిలో మందు ఉండాలి, పన్నెండుమందిలో ఉండకూడదు. కానీ ఇరవై రెండు మందిలో సగం సగం ఉంది. ఒక్కావిడలో మాత్రం నిండుగా ఉంది, పేరు వర్సిని. ఒకాయనలో చుక్క కూడా లేదు, పేరు దర్మిన్.

వర్సిని, సుమినార్‌కి సొంత పిన్ని. ఆ సంగతి సుమినార్ ఎవరికీ చెప్పలేదు.

ఇంకేం కావాలి తిగోర్‌కి. అమ్మాయి దర్మిన్ మందు కాజేసి పిన్నికి పెట్టింది, ఎవరికీ అనుమానం రాకుండా మిగతా పట్టీలన్నీ కలగాపులగం చేసింది అని తేల్చేశాడు. ఆ మాట నిలబడితే సుమినార్ జైలుకి వెళ్తుంది, లైసెన్సు పోతుంది, ఆ చేతులతో మళ్ళీ మందుసీసా పట్టుకునే యోగం ఉండదు. డాక్టరమ్మ పరిశోధన సంగతి తర్వాత. ముందు పిల్ల బతుకు పోతుంది.

సుమినార్ ఏడవట్లేదు. ఆ మందుల గదిలోనే ఒక మూల అరల్లో పాకెట్లు సర్దుతోంది. నాలుగింటికి జీపెక్కబోయే పిల్ల అని చూసినవాళ్ళెవరూ అనుకోరు.

"కూర్చో తల్లీ. పిన్ని సంగతి ఎందుకు దాచావు?"

"చెబితే పిన్నిని తీసేసేవాళ్ళు ఇబూ. బంధువులు ఉండకూడదని రూలు. తొమ్మిది పళ్ళు పీకించుకుంది మా పిన్ని. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఇది తప్ప ఇంకో దారి లేదు."

"అందుకని అసలు పట్టీ పిన్నికి ఇచ్చావు."

సుమినార్ నా వైపు తిరిగింది. "నంబర్లు మెషీను వేస్తుంది, నేను కాదు. పిన్ని నంబరుకి ఏది పడిందో తెలుసా మీకు?"

"నువ్వు చెబితే తెలుస్తుంది."

అరలో ఒక పాకెట్టు తీసి మళ్ళీ పెట్టింది. ఆ రహస్యం దాచడమే ఆ పిల్ల ఉద్యోగం. జైలు గుమ్మం దగ్గర నిలబడి కూడా చెప్పడానికి నోరు రావట్లేదు.

"ఉత్తుత్తిది," అంది చివరికి. "ప్రతి బుధవారం నా చేత్తో నేనే మా పిన్నికి ఉత్తుత్తి పట్టీలు ఇచ్చాను. మొదట్లో ఇంటికొచ్చి దిండులో ముఖం పెట్టుకుని పడుకునేది. అన్నం వద్దనేది. ఒకరోజు చెప్పకుండా చోదె నది వంతెన మీదికి వెళ్ళిపోయింది. వెతికి వెతికి తీసుకొచ్చాను. మళ్ళీ బుధవారం వచ్చింది, మళ్ళీ అదే పాకెట్టు ఇచ్చాను."

"మరి ఇప్పుడు బాగుందిగా?"

"నెలన్నరగా బాగుంది. పాటలు పాడుతోంది. ఎలా బాగైందో నాకు తెలియదు. ఉత్తుత్తి పట్టీకే నమ్మకంతో కొందరికి నయమవుతుందంటారు కదా, అదేననుకున్నాను. అడిగితే ఎక్కడ పోతుందోనని అడగలేదు."

నేను విచారణల్లో ముప్ఫై ఏళ్ళుగా అబద్ధాలు వింటున్నాను. అబద్ధానికి ఎక్కడో ఒకచోట నున్నటి అంచు ఉంటుంది. ఈ పిల్ల మాటలకి లేదు. నేను నమ్మాను. అయితే నా నమ్మకం చూసి జీపు వెనక్కి వెళ్ళదు కదా.

మందుల గదికి ఒకటే తాళం, ఒకటే కిటికీ. పాకెట్ల సీలు దేనికీ చెదరలేదు. కత్తెర గాటు లేదు, జిగురు మరక లేదు. ఈ గదిలోంచి బయటికి వెళ్ళేదాకా పట్టీలు సవ్యంగానే ఉన్నాయి. అంటే తేడా జరిగింది బయట. బయట ఉన్నది ఒక్కటే హాలు. పాకెట్లు తీసుకున్నాక డాక్టరు పిలిచేదాకా రోగులు గంటసేపు అక్కడే కూర్చుంటారు.

హాలు ఖాళీగా ఉంది. నేను వెళ్ళేసరికి తిగోర్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

"ఇక్కడ ఏముంది ఇబూ, కుర్చీలు తప్ప?"

"కుర్చీలే ఉన్నాయి. ఆసుపత్రి వాళ్ళు కుర్చీలు ఎలా వేస్తారు బాంగ్?"

"వరసగా."

"ఇవెలా ఉన్నాయి?"

చూశాడు. రెండేసి, రెండేసి. ఒకదానికొకటి ఎదురుగా, మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా. మొత్తం పన్నెండు జతలు.

"కబుర్లు చెప్పుకోవడానికి జరుపుకున్నారు. మీ ఊరివాళ్ళకి కబుర్లు తప్ప పనేముంది," అన్నాడు. "ఇప్పుడు కుర్చీల్ని అరెస్టు చేస్తారా?"

నేను అప్పటికే నేల మీద వంగి ఉన్నాను. ఈ వయసులో వంగితే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి, అయినా వంగాను. కిటికీ పక్కన ఉన్న ఒక్క కుర్చీ కింద మాత్రం చీమలున్నాయి. బారులు తీరి గోడ కంత నుంచి కుర్చీ కాలు దాకా వచ్చి, పైకెక్కి, సీటు మీద దారి తప్పినట్టు తిరుగుతున్నాయి. మిగతా ఇరవై మూడు కుర్చీల కింద నేల శుభ్రంగా ఉంది.

"ఈ కుర్చీ ఎవరిది?"

"దర్మిన్‌ది. ఆ ముసలి నాటకాల వాడిది," అన్నాడు తిగోర్, నాకు చెయ్యి అందిస్తూ. "నాకు తెలియనిది ఏమైనా ఉంటే అడగండి."

"మీకు తెలియనిది అడిగితే మీరెలా చెబుతారు," అని లేచి చీర కుచ్చిళ్ళలా ఉండే నా బాటిక్ మడతలు దులుపుకున్నాను.

రెండింటికి అందరూ వచ్చారు. సుమినార్ ఎప్పటిలాగే పాకెట్లు పంచింది. ఏమీ జరగనట్టే పంచింది. ఆ పిల్ల మీద కేసు ఉందన్న సంగతి వాళ్ళెవరికీ తెలియదు. చెప్పొద్దని తిగోర్ ఆజ్ఞ.

నేను ఇంటి నుంచి పెద్ద డబ్బా నిండా పెయెక్ తెచ్చాను. బియ్యప్పిండిలో వేరుశనగ పలుకులు వేసి చెక్కల్లా కరకరలాడేట్టు వేయించినవి. పోయిన బుధవారం కూడా తెచ్చాను. తిగోర్ లంచమనుకున్నాడు. నేను చూస్తున్నది వాళ్ళ పళ్ళని. నొప్పి ఉన్నవాడు పెయెక్ కొరకలేడు. టీలో ముంచి, మెత్తబడ్డాక నాలుకతో నొక్కుకుంటాడు.

పోయిన బుధవారం బస్సు డ్రైవరుగా చేసి మానేసిన వగిమన్ టకటకా కొరికాడు. ఎదురుగా కూర్చున్న రుసిదా టీచరు టీలో ముంచుకుంది. ఈ బుధవారం రుసిదా కొరుకుతోంది. వగిమన్ ముంచుకుంటున్నాడు. పక్క జత చూశాను. అక్కడా అంతే. ఆ పక్క జత కూడా. పోయిన వారం కొరికిన వాడల్లా ఈ వారం ముంచుతున్నాడు, ముంచిన వాడల్లా కొరుకుతున్నాడు.

నేరుగా డాక్టర్ హప్సారి గదిలోకి వెళ్ళాను. "డాక్టరమ్మా, రక్తం అంతా కంపెనీకి పంపేశారా, మీ దగ్గర ఏమైనా మిగిలిందా?"

"ప్రతి వారానిదీ కొంచెం ఫ్రీజర్లో ఉంచుతాను. ఎందుకు?"

"వగిమన్‌దీ, రుసిదాదీ విడివిడిగా, ఏ వారానికా వారం చూడండి. కలపొద్దు."

డాక్టరమ్మ నా వైపు ఒక్క క్షణం చూసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చకుండానే ల్యాబులోకి పరిగెత్తింది.

తిరిగి వచ్చేసరికి హాల్లో తిగోర్ మధ్యలో నిలబడి ఉన్నాడు. నా కంటే ముందు కేసు తేల్చెయ్యాలని తొందర.

"అందరూ వినండి. మీ పట్టీలు మీరే అతికించుకున్నారా, లేదా?"

"అవునండీ," అన్నారు ఇరవై నాలుగుమందీ, చిరునవ్వుతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"విన్నారుగా ఇబూ. అందరూ ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఫార్మసిస్టే."

"బాంగ్, మీరు వాళ్ళని చంద్రుడు చదరంగా ఉంటాడా అని అడిగినా అవునండీ అనే అంటారు. పెద్దమనిషి అంత గట్టిగా అడిగితే కాదంటే ఏం మర్యాద? మీరు కూర్చోండి."

నేను వగిమన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన మనవరాలి పెళ్ళి గురించి అడిగాను. మామిడికాయల గురించి అడిగాను. తిగోర్ గోడ వైపు తిరిగి నిట్టూర్చాడు. అప్పుడు మెల్లగా అన్నాను.

"సుమినార్‌ని ఇవాళ నాలుగింటికి పోలీసులు తీసుకెళ్తున్నారు వగిమన్‌గారూ. పట్టీలు మార్చేసిందని."

హాల్లో కప్పులు చప్పుడు చెయ్యడం ఆగిపోయింది. కిటికీ దగ్గర వర్సిని లేచి నిలబడింది. పాకెట్టు పట్టుకున్న చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది.

"ఆ పిల్ల ఏం చేసింది?" అన్నాడు వగిమన్, కప్పు కింద పెడుతూ. "చేసింది మేము."

"ఏం చేశారు?"

ఆయన రుసిదా వైపు చూశాడు. టీచరు కాబట్టి ఆవిడే చెప్పింది. "మూడో వారానికల్లా సగంమందికి నొప్పి పోయింది. మిగతా సగంమందికి పోలేదు. ఎవరికి అసలుది వచ్చిందో, ఎవరికి ఉత్తుత్తిదో చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. వగిమన్ గారు నా ఎదురుగా కూర్చుని పెయెక్ కొరుకుతున్నారు, నేను గంజి తాగుతున్నాను. ఆయనకి ముద్ద దిగలేదు. ఎదుటి మనిషి ఆకలితో చూస్తుంటే మనమెలా తింటామండీ?"

"అందుకని?"

"అందుకని అరిసాన్ పెట్టుకున్నాం."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. మా దేశంలో వీధికొక అరిసాన్, ఆఫీసుకొక అరిసాన్. అందరూ తలా ఒకటి వేస్తారు, వంతులవారీగా ఒక్కొక్కరు తీసుకుంటారు. వంతు తప్పితే ముఖం చూపించుకోలేరు. డాక్టరమ్మ ప్రపంచమంతా చదివొచ్చి కట్టుదిట్టంగా పరీక్ష పెట్టింది కానీ, ఇరవై నాలుగుమంది యోగ్యకర్త వాళ్ళని గంటసేపు ఒక గదిలో కూర్చోబెడితే ఏమవుతుందో ఆలోచించలేదు.

"అసలు పాకెట్టు వచ్చేవాళ్ళు ఒకరు, ఉత్తుత్తిది వచ్చేవాళ్ళు ఒకరు, ఇద్దరిద్దరం జత కట్టాం," అంది రుసిదా. "ఒక వారం నాకు, ఒక వారం ఆయనకి. ఈ వారం నాది. ఈ పద్ధతి చెప్పింది దర్మిన్ గారు."

"డాక్టరుకి ఎందుకు చెప్పలేదు?" అని అరిచాడు తిగోర్.

"పాపం, ఎంతో కష్టపడుతోంది కదా. చెబితే బాధపడుతుందని," అన్నాడు వగిమన్.

తిగోర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మూడు నెలల పరిశోధనని తలకిందులు చేసి, డాక్టరు బాధపడుతుందని చెప్పలేదట. మెడాన్‌లో అతనికి ఇలాంటి నేరస్థులు తగిలి ఉండరు.

అంతలో డాక్టర్ హప్సారి వచ్చింది. కాళ్ళకి ఇంకా చెప్పులు లేవు. ముఖం వెలిగిపోతోంది.

"ఒక వారం నిండుగా ఉంది, ఒక వారం సున్నా," అంది ఆయాసపడుతూ. "ఇద్దరిలోనూ అంతే. ఈయనలో ఉన్న వారం ఆవిడలో లేదు. వారం వారం వీళ్ళు చెప్పిన నొప్పి పక్కన పెట్టి చూశాను. మందున్న వారం నొప్పి లేదు, దిగులు లేదు. మందు లేని వారం రెండూ ఉన్నాయి. మళ్ళీ మందు, మళ్ళీ నవ్వు. ఒకే మనిషిలో రెండూ కనిపిస్తున్నాయి. నా పరీక్ష చెడిపోలేదు, నేను పెట్టినదానికంటే మంచి పరీక్ష వీళ్ళు పెట్టుకున్నారు."

వగిమన్ సిగ్గుపడుతూ డాక్టరమ్మకి పెయెక్ అందించాడు. ఆవిడ తీసుకుని అందరి మధ్యా కూర్చుని కొరికింది. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఎవరో నవ్వారు, ఇంకెవరో అందుకున్నారు.

"ఆగండి," అన్నాడు తిగోర్.

అతని సంగతి నాకు తెలుసు, ఆగమంటాడని. పోలీసుగా చెడ్డవాడు కాదు. అదే నా బాధ.

"ఇరవై రెండు మంది లెక్క తేలింది. సంతోషం. మిగతా ఇద్దరూ? వర్సినిలో ఆరు వారాలూ నిండుగా ఉంది. ఈ దర్మిన్‌లో ఆరు వారాలూ సున్నా. ఇది వంతులేనా? పైగా ఈయన ప్రతి వారం డాక్టరుకి నొప్పి లేదనే చెప్పాడు. ఇదిగో, కళ్ళెదురుగా కొరుక్కు తింటున్నాడు. మందు లేకుండా ఎలా తింటున్నాడు? అంటే ఈ రక్తాల సీసాలు ఎవరో మార్చారు. మార్చగలిగింది ఫార్మసిస్టు ఒక్కతే. పిన్ని సంగతి దాచింది కూడా ఆ ఒక్కతే."

బయట జీపు ఆగిన చప్పుడైంది. సుమినార్ మందుల గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎవరినీ చూడట్లేదు.

దర్మిన్ నవ్వాడు. ఆయన నలభై ఏళ్ళు కెతొప్రాక్ నాటకాల్లో హాస్యగాడు. ముఖం నరం దెబ్బతిని, వేషం మానేసి ఇంట్లో కూర్చున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. "అయ్యా మెడాన్ దొరగారూ," అన్నాడు, "నా దవడలు పెయెక్ నములుతున్నాయా, చట్టాన్ని నములుతున్నాయా?" అందరూ నవ్వారు. డబ్బాలోంచి ఇంకోటి తీసి నోటికి పెట్టుకున్నాడు. కటుక్కుమంది.

నాకు చెవులు బాగా పనిచేస్తాయి. ఇంకేమీ సరిగా పనిచెయ్యదు కానీ చెవులు చేస్తాయి. కటుక్కుమన్న చప్పుడు ముందొచ్చింది. దవడలు ఆ తర్వాత మూసుకున్నాయి.

నేను వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"దర్మిన్ గారూ, మీ జేబులో చీమలున్నాయి."

ఆయన కిందికి చూసుకున్నాడు. చొక్కా జేబు అంచు మీద రెండు చీమలు తిరుగుతున్నాయి. ఆయన నవ్వు అలాగే ఉంది, కానీ చూపు వర్సిని వైపు వెళ్ళి వెంటనే తిరిగొచ్చింది.

"నాటకంలో విందు సీనుకి తిండి ఉండదు కదా," అన్నాను, ఆయనకి మాత్రమే వినపడేట్టు. "చేతిలో విరిచి, నోటితో నటించి, రుమాల్లోకి జారవిడుస్తారు. చప్పుడు చేతిది. ఎన్ని వారాలుగా తినట్లేదు మీరు?"

"ఇబూ," అన్నాడు అంతే మెల్లగా, "వదిలేయండి. ఆవిడకి తెలిస్తే పుచ్చుకోదు."

"వదిలేస్తే ఆవిడ పెంచిన పిల్ల జీపెక్కుతుంది."

పాపం, ఆయన ముఖం చూడాల్సింది. ఇంతసేపూ హాస్యగాడి ముఖం. ఒక్కసారిగా జారిపోయింది. కింద ఉన్నది నొప్పితో నలిగిపోయిన ముసలివాడి ముఖం. లేచి, రుమాలు తీసి, టేబుల్ మీద విప్పాడు. ఆ రోజు తిన్నట్టు నటించిన పెయెక్ అంతా ముక్కలుగా అందులో ఉంది.

"సీసాలు ఎవరూ మార్చలేదు," అన్నాడు తిగోర్‌తో. "నా జత వర్సిని గారు. నాది అసలుది, ఆవిడది ఉత్తుత్తిది. మొదటి వంతులో ఆవిడకి అసలుది ఇచ్చాను. ఆ వారం నేనొక జోకు వేస్తే ఆవిడ నవ్వింది. మళ్ళీ వారం వంతు నాది. నాకు నొప్పి లేదు, ఆవిడ వంతెన మీదికి వెళ్ళింది. నలభై ఏళ్ళు జనాన్ని నవ్వించాను దొరగారూ, ఒక మనిషి నవ్వు తీసి నా జేబులో వేసుకోలేకపోయాను. నాకు వేరే జత దొరికింది, ఇది మీరే ఉంచుకోండి అని ఆవిడకి అబద్ధం చెప్పాను. అప్పటినుంచీ నా వంతు కూడా ఆవిడకే."

వర్సిని అక్కడే నిలబడి ఉంది. పాకెట్టు ఇంకా గుండెలకి ఆనించుకునే ఉంది.

"నేను నొప్పి అడిగితే లేదన్నారు. దిగులు అడిగినా లేదన్నారు," అంది హప్సారి. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రెండూ అబద్ధమేనా దర్మిన్ గారూ?"

"నొప్పి అబద్ధం. దాని గురించి క్షమించండి," అన్నాడు దర్మిన్, తన కుర్చీలో కూర్చుంటూ. "దిగులు మాత్రం నిజంగానే లేదు డాక్టరమ్మా. బుధవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాడికి దిగులు ఎక్కడిది?"

ఆయన ఎందుకు ఎదురుచూశాడో గదిలో అందరికీ అర్థమైంది. తిగోర్‌కి కూడా అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయి, ఆగి, బయటికి నడిచాడు. జీపు డ్రైవరుతో ఏం మాట్లాడాడో వినపడలేదు. చక్రాలు వెనక్కి తిరిగి, రోడ్డెక్కి వెళ్ళిపోయిన చప్పుడు మాత్రం విన్నాను. సుమినార్ గుమ్మంలో అలాగే జారి కూర్చుండిపోయింది.

వర్సిని నెమ్మదిగా వచ్చి దర్మిన్ ఎదురుగా తన కుర్చీలో కూర్చుంది. తొందరలో ఏ పాకెట్టో చూసుకోకుండా చేతిలో ఉన్నదే చింపి ఒక పట్టీ తీసింది.

"నోరు తెరవండి," అంది.

"ఈ వారం మీ వంతు."

"నా వంతు నేనెవరికైనా ఇచ్చుకుంటాను. మీరు అడిగారా నన్ను ఇచ్చేటప్పుడు?"

"పిన్నీ," అని పిలిచింది సుమినార్ నేల మీద నుంచే. మూడు నెలలుగా పెదవి దాటనివ్వని మాట ఇప్పుడు దాటింది. "అది కాదు పిన్నీ. అది నీ నంబరు పాకెట్టు. ఆయనది తీసుకో. నీది... నీది ఉత్తుత్తిది. మొదటినుంచీ అంతే. నేనే ఇచ్చాను."

వర్సిని వెనక్కి తిరగలేదు. చేతిలో పట్టీని పక్కన పెట్టి, దర్మిన్ పాకెట్టు తీసుకుంది.

"నాకు తెలుసు," అంది. "మొదటి బుధవారమే తెలుసు. పాకెట్టు ఇస్తూ నా ముఖం చూడలేకపోయావు నువ్వు. చిన్నప్పుడు చక్కెర డబ్బా దగ్గర దొరికినప్పుడు కూడా అలాగే నేల చూసేదానివి."

"తెలిసీ మొదట్లో రోజూ ఎందుకు అతికించుకున్నావు?"

"నువ్విచ్చావు కదా."

సుమినార్ అప్పుడు ఏడ్చింది. ఉదయం నుంచీ దాచుకున్నదంతా ఏడ్చింది. డాక్టర్ హప్సారి వెళ్ళి పక్కన నేల మీదే కూర్చుని ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది.

తిగోర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. ఫార్మసిస్టు ముఖం చూసి ఒక రోగి రహస్యం కనిపెట్టేసిందని అతను రాసుకుంటే కొత్త కేసు మొదలవుతుంది. నేను అతని వైపు చూశాను. అతను సీలింగు వైపు చూశాడు.

"ఈసారి వానలు తొందరగా వచ్చేట్టున్నాయి ఇబూ," అన్నాడు.

"వచ్చేట్టే ఉన్నాయి బాంగ్," అన్నాను.

వర్సిని అసలు పట్టీ తీసి, దర్మిన్ గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది. చిగురు మీద పెట్టి, అది అంటుకునేదాకా వేలితో అదిమి పట్టుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ వేలు నోట్లో ఉన్నంతసేపూ ఆయనకి జోకు వేసే వీలు లేకపోయింది. పట్టీ ఎప్పుడో అంటుకుంది. వేలు మాత్రం చాలాసేపు తియ్యలేదు ఆవిడ.